బరువు తగ్గింది, సీఆర్‌పీ తగ్గింది, ముగ్గు వేసి లేవడం మాత్రం కష్టమైంది: రొమ్ము క్యాన్సర్ తర్వాత ఒక డైట్ కేసు

నేను కోస్తా జిల్లాలో ఒక ఊళ్లో క్లినికల్ డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ పూర్తయిన ఆడవాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తారు. ఈ ఒక్క కేసు రాయాలని ఎందుకు అనిపించిందంటే, మొదటి మూడు నెలలు నేను ఇచ్చిన ప్లాన్ రిపోర్టుల్లో చక్కగా పనిచేసింది, అదే మూడు నెలల్లో మనిషి నీరసపడిపోయారు. ఆవిడ అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

నేపథ్యం

వయసు 54. ఇంట్లో భర్త, కొడుకు, కోడలు, మనవడు. వంట కోడలిదే. ఎడమ రొమ్ములో గడ్డ, హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్, అంటే హార్మోన్ల ఊతంతో పెరిగే రకం. ముందు కీమో ఇచ్చారు, తర్వాత ఆపరేషన్ చేసి రొమ్ముతో పాటు చంకలో ఉండే లింఫు గ్రంథులు కూడా తీశారు, ఆ తర్వాత రేడియేషన్. నా దగ్గరికి వచ్చేసరికి కీమో అయిపోయి తొమ్మిది నెలలు, ఈస్ట్రోజెన్‌ని తగ్గించే లెట్రోజోల్ మాత్ర మొదలుపెట్టి ఐదు నెలలు.

ఆంకాలజిస్టు గారు పంపిన చీటీలో ఒకటే మాట: బరువు తగ్గాలి, షుగర్ బోర్డర్‌లో ఉంది. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, నడుము చుట్టుకొలత 97, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.2, హెచ్ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో లోలోపలి వాపు ప్రక్రియ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 6.8. కీమోకి ముందు ఆవిడ 64 కిలోలు.

"కీమో అప్పుడు సరిగ్గా తిన్నది లేదు మేడమ్, అయినా లావెక్కిపోయాను" అన్నారు. ఈ మాట చాలామంది అంటారు, అబద్ధం కూడా కాదు. కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, నెలల తరబడి మంచం పట్టి ఉండడం, లెట్రోజోల్‌తో ఒంట్లో మిగిలిన కాస్త ఈస్ట్రోజెన్ కూడా అడుగంటడం, ఇవన్నీ కలిసి ఒకపక్క కండ కరిగిస్తూ ఇంకోపక్క కొవ్వు పేరుస్తాయి. బరువు చూసే మెషీన్‌కి ఏది పోయిందో, ఏది వచ్చిందో తెలియదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు ఆవిడ కండ గురించి ఒక్క పరీక్ష చెయ్యలేదు.

తిండి సంగతి అడిగితే చెప్పింది ఇది. పొద్దున్నే పంచదార టీతో నాలుగు రస్కులు, తర్వాత ఉప్మా గానీ ఇడ్లీ గానీ, మధ్యాహ్నం తెల్లన్నంలో వేపుడు, ఊరగాయ, సాయంత్రం మళ్లీ టీతో బిస్కెట్లో మిక్చరో, రాత్రి అన్నం, మజ్జిగ. మానేసినవి వేరే. పప్పు తింటే కుట్లు చీము పడతాయని ఇంట్లో పెద్దవాళ్లు అన్నారని ఆపరేషన్ రోజు నుంచి పప్పు ముట్టలేదు, కుట్లు మానిపోయి నెలలు గడిచినా ఆ పథ్యం అలాగే నడుస్తోంది. గుడ్డు వేడి చేస్తుందని లేదు. బాయిలర్ కోడికి హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారట, మనది హార్మోన్ల క్యాన్సరే కదా అని చికెన్ లేదు. పాలు తాగితే గడ్డ మళ్లీ వస్తుందని ఎవరో ఫోన్‌లో వీడియో చూపించారు, అవీ పోయాయి.

ఇవన్నీ ఫైల్లో రాసుకున్నాను. రాసుకుని, ఆవిడ తింటున్నవాటి మీదే పడ్డాను.

మొదటి ప్లాన్, దాని వెనక లెక్క

ఆహారం ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ని, అంటే లోలోపల రగులుతూ ఉండే వాపు ప్రక్రియని, ఎంత పెంచుతుందో తగ్గిస్తుందో చెప్పడానికి డైటరీ ఇన్‌ఫ్లమేటరీ ఇండెక్స్ అని ఒక కొలత ఉంది. అమెరికాలో సౌత్ కరోలినా యూనివర్సిటీ వాళ్లు తయారుచేశారు, 2014లో సవరించిన రూపంలో 45 ఆహారాంశాలు ఉంటాయి. మన పోపుల డబ్బా, అల్లం వెల్లుల్లి ముద్ద దాదాపు మొత్తం అందులో మంచి వైపే ఉంటాయి: పసుపు, మిరియాలు, అల్లం, వెల్లుల్లి, ఉల్లి. పీచు, ఒమేగా-3 కూడా అటే. సంతృప్త కొవ్వు, ట్రాన్స్ ఫ్యాట్, పిండిపదార్థం ఇటువైపు.

ఆవిడ తిండి చూస్తే రస్కులు, బిస్కెట్లు, మిక్చర్, వేపుళ్లు, పీచు లేని అన్నం, పొట్ట చుట్టూ కొవ్వు. ఆ కొవ్వు ఊరికే ఉండదు, ఐఎల్-6, టీఎన్ఎఫ్ ఆల్ఫా లాంటి సంకేతాలు రక్తంలోకి వదులుతూ ఉంటుంది, అవి కండలో కొత్త ప్రొటీన్ తయారవడాన్ని తగ్గించి ఉన్నదాన్ని విరిచేస్తాయి. కాబట్టి ఆ మంట తగ్గిస్తే బరువూ షుగరూ తగ్గుతాయి, కండ దానంతట అదే కుదుటపడుతుంది అని నా లెక్క. బేకరీ సరుకు, వేపుళ్లు, పంచదార ఆపించాను. అన్నం సగానికి తగ్గించి కొర్రలు పెట్టించాను. కూరలు, పళ్లు పెంచమన్నాను. రోజూ 40 నిమిషాలు నడక. పప్పు, గుడ్డు తినొచ్చమ్మా అని ఒక మాట అన్నాను గానీ, అంతకుమించి ఆ భయాల జోలికి పోలేదు.

మూడు నెలలకి బరువు 66.5, హెచ్‌బీఏ1సీ 5.9, సీఆర్‌పీ 3.9. ఆంకాలజిస్టు గారు మెచ్చుకున్నారు. నేనూ సంతోషపడ్డాను.

అక్కడే తేడా కనపడింది

ఆ రోజు మాట్లాడడం అయిపోయాక ఆవిడ లేవబోయారు. కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించి, ముందుకు వంగి ఒకసారి ఊగారు, లేవలేదు. రెండోసారి ఊగారు. మూడోసారి కాస్త గట్టిగా ఊగి లేచి, తూలకుండా నా టేబుల్ అంచు పట్టుకున్నారు. పక్కన కోడలు అన్నది: "ఇంటి దగ్గరా ఇంతే మేడమ్. వాకిట్లో ముగ్గు వేశాక గేటు పట్టుకుని లేస్తున్నారు అత్తయ్యగారు. మొన్న గేటు అందక నన్ను పిలిచారు." ఆవిడ కాస్త సిగ్గుపడ్డారు. "కీమో ముందు బిందె నీళ్లు చంకనెత్తుకుని వచ్చేదాన్ని" అన్నారు.

వాళ్లని మళ్లీ కూర్చోబెట్టాను. చేతులు లేని కుర్చీ తెప్పించి, చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమన్నాను. 19.4 సెకన్లు పట్టింది. సార్కోపీనియా (కండ, బలం తగ్గిపోవడం) మీద పనిచేసే ఆసియా నిపుణుల బృందం 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం 12 సెకన్లు, అంతకుమించితే కదలిక సామర్థ్యం తగ్గినట్టే. పిడికిలి బలం కుడిచేత్తో 15.2 కిలోలు, ఆడవాళ్లలో 18 కన్నా తగ్గితే బలహీనత. పిడికిలి ఒక్కటే చూసి నమ్మకూడదని కూడా అనుకున్నాను, ఎందుకంటే పాక్లిటాక్సెల్ అనే కీమో మందు వల్ల ఆవిడ వేళ్లకి ఇంకా తిమ్మిరి ఉంది, పట్టు సరిగ్గా కుదరకపోవచ్చు. కుర్చీ పరీక్షకి ఆ తిరకాసు అంతగా లేదు.

కండ ఎంత ఉందో ఎలా చూడాలి? మా దగ్గర ఉన్న బాడీ కంపోజిషన్ మెషీన్ కరెంటు పంపి ఒంట్లో నీటిని బట్టి కండని అంచనా వేస్తుంది. ఎడమచేతికి కొద్దిగా వాపు ఉంది, వాపంటే నీరే, ఆ నీటిని కూడా కండగా లెక్కేస్తుంది. అందుకని దాన్ని వదిలేశాం. లెట్రోజోల్ వాడేవాళ్లకి ఎముకల కోసం ఎలాగూ డెక్సా (ఎముకల సాంద్రత కొలిచే స్కాన్) తీయాలి, అదే మెషీన్ మీద ఒళ్లంతా తీయించమని డాక్టర్ గారిని అడిగాను. కాళ్లు చేతుల కండ, ఎత్తు లెక్క ప్రకారం, 5.1 వచ్చింది. ఆడవాళ్లలో 5.4 కన్నా తగ్గితే తక్కువ. ఒంట్లో కొవ్వు 43 శాతం. అంటే కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, రెండూ ఒకే మనిషిలో.

ఇంకొకటి కూడా చేశాం. కీమోకి ముందు తీసిన సీటీ స్కాన్ ఆసుపత్రిలోనే ఉంది. నడుము దగ్గరి మూడో వెన్నుపూస ఎత్తులో తీసిన ముక్క చూపించమని రేడియాలజిస్టుని అడిగితే ఓపిగ్గా చూపించారు. వెన్ను పక్కన ఉండే కండలు అంతటా ఒకే బూడిదరంగులో ఉండాలి, ఆవిడకి వాటి మధ్య నల్లటి చారలు ఉన్నాయి, కండలో చేరిన కొవ్వు. కీమో మొదలవకముందే ఆ పరిస్థితి. 2018లో జామా ఆంకాలజీలో 3,241 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్ల సీటీలు ఇదే ఎత్తులో చూసి రాసిన పరిశోధన ఉంది. మూడింట ఒక వంతు మందికి కండ తక్కువగా ఉంది, వాళ్లలో మరణాలు ఎక్కువ, ఆ తేడాని బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) పట్టుకోలేకపోయింది. ఆ పరిశోధన చదివినదాన్నే నేను. చీటీలో "బరువు తగ్గాలి" అని చూడగానే బరువు తగ్గించే పనిలో పడిపోయాను.

మొదటి విజిట్‌లో కుర్చీ పరీక్ష చెయ్యలేదు కాబట్టి, ఆ మూడు నెలల్లో ఎంత బలం పోయిందో లెక్క కట్టే దారి లేదు. తగ్గిన నాలుగున్నర కిలోల్లో కండ వాటా ఎంతో ఇక ఎప్పటికీ తెలియదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.

ఎందుకు ఇలా అయింది

మళ్లీ తిండి లెక్క తీశాను, ఈసారి కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని. పొద్దున రాగి జావ, పదకొండింటికి క్యారెట్ బీట్‌రూట్ జ్యూస్, మధ్యాహ్నం కొర్రన్నం, సొరకాయ కూర, పల్చటి మజ్జిగ, రాత్రి రెండు జొన్నరొట్టెలు, ఒక కూర. ఏ న్యూట్రిషన్ పత్రికలోనైనా అచ్చేసుకోవచ్చు. ప్రొటీన్ లెక్కేస్తే 30 గ్రాముల దగ్గర ఆగింది. మామూలు మనిషికే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) రోజుకి ఒంటి బరువులో కిలోకి 0.83 గ్రాములు చెబుతుంది, క్యాన్సర్ వచ్చినవాళ్లకి యూరప్ క్లినికల్ న్యూట్రిషన్ వాళ్లు 1 నుంచి 1.5 అంటారు. ఆవిడకి అందాల్సిన దాంట్లో సగం కూడా అందడం లేదు.

"పప్పు మళ్లీ మొదలెట్టాను మేడమ్" అన్నారు. గరిటె పట్టుకురమ్మని కోడలికి చెప్పాను. తర్వాతి వారం తెచ్చింది. ఇంట్లో ఆవిడ అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చుంటారు, అప్పటికి గిన్నెలో మిగిలేది పైన తేరిన కట్టు. ఆవిడ వేసుకునే రెండు గరిటెల్లో పప్పు బద్దలు చెంచాడు కూడా ఉండవు. ఫైల్లో మాత్రం "పప్పు: రోజూ" అని ఉంటుంది. అప్పటి నుంచి ఎవరు పప్పు తింటున్నామన్నా, చిక్కగానా పల్చగానా, ఎన్నో వంతులో తింటారు అని అడుగుతున్నాను.

ఇన్‌ఫ్లమేషన్ కొలత గురించి కూడా అప్పుడే మళ్లీ ఆలోచించాను. ఆ 45 అంశాల్లో కొలెస్ట్రాల్, బీ12 ఇన్‌ఫ్లమేషన్ పెంచే వైపు ఉంటాయి. కాబట్టి ఆ స్కోరు ఒక్కటే పట్టుకుని పోతే గుడ్డు, చికెన్ దూరం పెట్టినకొద్దీ మార్కులు వస్తాయి. కొలత తప్పని అనను, అది కండని కొలవడానికి చేసింది కాదు. మన ఇళ్లలో "యాంటీ ఇన్‌ఫ్లమేటరీ" అనే మాట చెవిన పడగానే అది ఇంకో పథ్యంగా మారిపోతుంది, అప్పటికే మానేసినవాటి పక్కన ఇంకో నాలుగు చేరతాయి. నేను ఇచ్చిన కాగితం కూడా ఆవిడ పథ్యాల జాబితాకి ఇంకో పేజీ అయింది.

ఇదిలా ఉండగా ఆంకాలజిస్టు గారు చేయించిన రక్తపరీక్షలో లివర్ ఎంజైమ్ ఏఎల్‌టీ బాగా పెరిగి 128 ఉంది. ఏమైనా కొత్తగా వాడుతున్నారా అని నేను గుచ్చి గుచ్చి అడిగితే సంచీలోంచి డబ్బా తీశారు: పసుపు సారం క్యాప్సూల్స్, ఒంట్లోకి బాగా పట్టడానికి మిరియాల సారం కలిపినవి, రోజుకి రెండు. వాపు తగ్గుతుందని ఎవరో చెప్పారట. కూరలో చిటికెడు పసుపు వేరు, ఇది వేరు. ఇలాంటి క్యాప్సూల్స్‌తో లివర్ దెబ్బతిన్న కేసులు నమోదై ఉన్నాయి. డాక్టర్ గారు స్కానింగ్ చేయించి లివర్‌లో గడ్డలేమీ లేవని చూసుకుని, లెట్రోజోల్ ఆపకుండా క్యాప్సూల్స్ మాత్రమే ఆపించారు. ఆరు వారాల్లో ఏఎల్‌టీ 34కి దిగింది. లెట్రోజోల్ నడుస్తుండగానే దిగింది కాబట్టి అనుమానం క్యాప్సూల్ మీదే మిగిలింది.

రెండో ప్లాన్

ఈసారి ముందు ఏం చేర్చాలో రాసుకున్నాను. లక్ష్యం రోజుకి 70 గ్రాముల ప్రొటీన్, అదీ ఒక్కపూటే కాకుండా మూడుపూటలా 20 గ్రాములకి తగ్గకుండా. వయసు పెరిగినకొద్దీ కండకి కొంచెం కొంచెం ప్రొటీన్ అందితే అది సరిగ్గా స్పందించదు, ఒక్క పూటలో తగినంత పడాలి. మన టిఫిన్లు ఇక్కడే తేలిపోతాయి, ప్లేటు ఉప్మాలో ఉండే ప్రొటీన్ చాలా తక్కువ.

పెసరట్టు మమ్మల్ని కాపాడింది. 60 గ్రాముల పెసలు నానబోసి రుబ్బితే రెండు అట్లు, సుమారు 14 గ్రాములు. పక్కన ఒక ఉడకబెట్టిన గుడ్డు, ఇంకో 6. మధ్యాహ్నం చిక్కటి ఆకుకూర పప్పు, అదీ ఆవిడ గిన్నెలో విడిగా ముందే తీసిపెట్టాలని కోడలితో ఒప్పందం. వారంలో మూడు రోజులు చేపలు, కానాగంతలు, కవళ్లు లాంటివి, ధర తక్కువ, ఒమేగా-3 ఎక్కువ. ఒక కప్పు గట్టి పెరుగు. సాయంత్రం శనగ గుగ్గిళ్లు. రాత్రి జొన్నరొట్టెలతో మీల్ మేకర్ కూర. అవిసె గింజల కారప్పొడి ఇంట్లో ఆవిడే చేసుకున్నారు. రస్కులు, మిక్చర్ మళ్లీ రానివ్వలేదు. మొదటి ప్లాన్‌లో ఆ భాగం సరైనదే.

భయాలని ఈసారి ఒక్కొక్కటిగా కూర్చుని మాట్లాడాను, అరగంట పైనే పట్టింది. పప్పుకీ చీముకీ సంబంధం లేదు, చీము సూక్ష్మజీవులతో వస్తుంది, పుండు మానడానికి కావలసిందే ప్రొటీన్. బాయిలర్ కోడి త్వరగా పెరగడానికి కారణం జాతి ఎంపిక, మేత. హార్మోన్ ఇంజెక్షన్లు కావు. మీల్ మేకర్‌లో ఆడ హార్మోన్ ఉంటుందట కదా అని కోడలు అడిగింది. సోయాలో ఉండేది ఈస్ట్రోజెన్‌ని కొంత పోలిన మొక్క పదార్థం. 2009లో జామాలో వచ్చిన షాంఘై పరిశోధనలో 5,042 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్లని గమనిస్తే సోయా ఆహారం ఎక్కువ తిన్నవాళ్లలో క్యాన్సర్ తిరగబెట్టడం తక్కువగా ఉంది. సోయా పొడులు, మాత్రలు వేరే సంగతి, వాటి జోలికి వద్దన్నాను. అన్నీ ఒప్పుకున్నారని చెప్పను. చికెన్ చివరిదాకా ఆవిడ తినలేదు, నేనూ బలవంతపెట్టలేదు, చేపలూ గుడ్లూ ఉన్నాయి కదా.

తిండి ఒక్కటే సరిపోదు. కండకి బరువు పని చెప్పాలి, నడక దానికి చాలదు. ఇక్కడ అడ్డం పడింది ఎడమచెయ్యి. ఆపరేషన్ అయ్యాక "ఈ చేత్తో జన్మలో బరువు ఎత్తకండి" అని ఆవిడకి ఎవరో చెప్పారు, అప్పటి నుంచి మనవడిని కూడా ఎత్తుకోలేదు. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన ఈ భయాన్నే పరీక్షించింది: చేతికి లింఫెడీమా (లింఫు గ్రంథులు తీశాక వచ్చే వాపు) ఉన్న 141 మందిలో సగం మందితో పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెంచుతూ బరువులు ఎత్తించారు, వాపు పెరగలేదు, పైగా లక్షణాలు కాస్త తగ్గాయి. ఫిజియోథెరపిస్టు ఆ పద్ధతిలోనే మొదలుపెట్టారు. చేతికి కంప్రెషన్ స్లీవ్, అరలీటరు నీళ్ల సీసాతో ఆరంభం, ప్రతి పదిహేను రోజులకీ చేతి చుట్టుకొలత. కాళ్లకి కుర్చీలోంచి లేవడం, ముందు దిండు వేసి ఎత్తు పెంచి, తర్వాత దిండు తీసేసి, ఆ తర్వాత కిలో బియ్యం సంచీ గుండెకి హత్తుకుని. వారానికి మూడు రోజులు. విటమిన్ డి తక్కువగా, 14 ఉంది, దాన్ని డాక్టర్ గారు సరిచేశారు.

మొదలుపెట్టిన నెలకే కార్తీక మాసం వచ్చింది. గుడ్డు, చేప బంద్, సోమవారాలు నక్షత్రం చూసేదాకా ఉపవాసం. ఆ ఏడాది బతికి బయటపడ్డందుకు ఆవిడ మొక్కుకున్నది, వద్దనే హక్కు నాకు లేదు. సోమవారాలు వ్యాయామం పెట్టుకోవద్దన్నాను, పగలు పాలు, పెరుగు తీసుకోవడానికి ఒప్పుకున్నారు, పాల భయం దేవుడి పేరుతో పోయింది. రాత్రికి వడపప్పు, పెసరపప్పు కట్టెపొంగలి. మిగతా రోజులు మీల్ మేకర్, పన్నీరు పెంచాం. ఆ నెల కుర్చీ పరీక్ష 16 సెకన్ల దగ్గరే ఆగిపోయింది, వెనక్కి మాత్రం పోలేదు.

ఆరు నెలలకి

బరువు 67.4, అంటే దాదాపు కిలో పెరిగింది. చీటీ ప్రకారం చూస్తే ఇది ఫెయిల్యూరే. నడుము 93 నుంచి 90కి తగ్గింది. ఐదుసార్లు లేవడం 11.6 సెకన్లు. పిడికిలి 18.3. సీఆర్‌పీ 2.7. ఎడమచేతి కొలతలో మార్పు లేదు. సంక్రాంతికి వాకిలి నిండా ముగ్గు వేశారు, మధ్యలో రెండుసార్లు కూర్చుని లేచారు, గేటు ముట్టుకోలేదని కోడలు ఫోన్ చేసి చెప్పింది.

ఇందులో తిండి వాటా ఎంత, వ్యాయామం వాటా ఎంత, విటమిన్ డి ఎంత, కీమో అయిపోయి కాలం గడవడం వల్ల ఎంత అని ఒక్క మనిషిని చూసి విడదీయలేం. వ్యాయామం లేకుండా ప్రొటీన్ మాత్రం పెంచి ఉంటే ఇంత వచ్చేది కాదని నా అభిప్రాయం. ప్రొటీన్ లేకుండా వ్యాయామం చేయించి ఉంటే నొప్పులతో రెండో వారమే మానేసేవారేమో.

నా గదిలో ఇప్పుడు చేతులు లేని కుర్చీ ఒకటి, స్టాప్‌వాచ్ ఒకటి ఉంటాయి. త్రాసు ఎక్కించడానికి ముందే కుర్చీ పరీక్ష చేస్తున్నాను. మానేసినవాటి జాబితా ముందు రాసి, తింటున్నవి ఆ తర్వాత రాస్తున్నాను. ఎవరైనా తొందరగా బరువు తగ్గి వస్తే మెచ్చుకునే ముందు ఐదుసార్లు లేవమంటున్నాను.

ఆవిడకి పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోవడం ఇంకా అరగంట ఉంటోంది, లెట్రోజోల్ ఇంకా నాలుగేళ్లు వాడాలి. డెక్సా మళ్లీ తీయడానికి ఇంకా టైముంది. పోయినసారి వచ్చినప్పుడు బియ్యం సంచీ రెండు కిలోలకి పెంచారు, మనవడు పదకొండు కిలోలట, వాడిని ఎప్పుడు ఎత్తుకోనిస్తారు అని ఫిజియోథెరపిస్టుని అడుగుతున్నారు.